ఎరిగినవారు ఇద్దరు

డయోసిస్ నుంచి కాగితం వచ్చింది,
పిల్లల దగ్గర మసిలే ప్రతి ఒక్కరూ
పోలీసు వెరిఫికేషన్ తేవాలని.
చిత్తూరు గ్రీమ్స్‌పేట చర్చి ఆఫీసులో గుమాస్తాను నేను.
పదిహేడు ఫారాలు జెరాక్స్ తీయించాను
పేజీకి రూపాయిన్నర లెక్కన.

మొదట నవ్వులాటగానే ఉండింది.
గంట కొట్టే రాహేలమ్మ అడిగింది,
"మొగుణ్ణి చీపురుతో కొట్టింది గూడా రాయాల్నా మే?"
"కేసు పెట్టినాడా?"
"యాడ పెడతాడు, నవ్వతా పొయినాడు. పైకే పొయినాడు."
అయితే నీ కాలమ్ ఖాళీ, అన్నాను.
ఖాళీ అనే మాట
కాసేపు నా నాలుక మీదే ఉండిపోయింది.

జూన్ నెల.
ఊరి చుట్టూ గుజ్జు ఫ్యాక్టరీలు తిరుగుతున్నాయి.
తోతాపురి లారీల తీపి పులుపు వాసన
ఫైళ్ళ లోపలికి కూడా ఎక్కింది.
టూ టౌన్ స్టేషన్ నుంచి ఒక్కొక్కటే కవరు.

వ్యాను నడిపే మునిరత్నం కవరు లావుగా వచ్చింది.
పంతొమ్మిదేళ్ళప్పుడు
శేషాచలం అడవిలో ఎర్రచందనం మోశాడట.
రాత్రికి మూడు వేలంటే
చెల్లెలి ఆపరేషన్‌ని వేళ్ళ మీద లెక్కేసుకుని
సరేనన్నాడట.
నాలుగు నెలలు జైలు.
దుంగ ఎవరిదో ఆ పేరు కాగితంలో లేదు,
మోసిన భుజం పేరే ఉంది.
"చర్చి పేరు పోతుంది" అని కమిటీ
పది నిమిషాల్లో తేల్చేసింది.
తాళంచెవి నా బల్ల మీద పెట్టి అన్నాడు,
"సెకండ్ గేర్ బిగుసుకుంటాది మేడం, కొత్తాయనకి చెప్పండి.
చిన్న షారోన్‌ని కిటికీ పక్కనే కూచోబెట్టమనండి,
లేకుంటే కక్కుకుంటాది."

ఆ సాయంత్రమే దేవసగాయం సార్ కవరు.
పల్చగా. ఒకటే కాగితం.
నలభై ఏళ్ళు ఆదివారం బడి నడిపిన మనిషి.
నేరచరిత్ర: లేదు.
ఫిర్యాదులు: లేవు.
నీలం ముద్ర ఇంకా ఆరలేదు.
కమిటీ చప్పట్లు కొట్టింది,
పాస్టరమ్మ టీలో అల్లం వేయించింది.

లేదు అంటే జరగలేదని కాదు.
లేదు అంటే
తొమ్మిదేళ్ళ పిల్లకి
స్టేషన్ ఏ వీధిలో ఉంటుందో తెలియదని.
హార్మోనియం గదికి లోపలివైపు గడియ ఉండేదని,
నూనె పోసిన గడియ, చప్పుడు చేయదని.
కంఠతా పట్టిన వచనానికి
పటికబెల్లం ముక్క బహుమతి అని.
ఇప్పటికీ ఆ డబ్బా మూత నేను తీయను.
అమ్మతో చెబితే
వంకాయలు తరుగుతూ తలెత్తకుండా అంది,
"అంత పెద్దాయన మీద నోరు జారతావా?"
కత్తిపీట మాత్రం కాసేపు ఆగింది.
ఆ ఆగడమే
మా ఇంట్లో జరిగిన మొత్తం విచారణ.
దాన్ని ఏ స్టేషన్ రైటరూ రాసుకోలేదు.

సర్టిఫికెట్‌కి జతచేయాల్సిన మా ఫారం
చివరి పేజీ అప్పుడు చూశాను.
'దరఖాస్తుదారుని బాగుగా ఎరిగినవారు ఇద్దరు.'
మొదటి పేరు ఎవరో రిటైరైన తాసిల్దారుది, సంతకంతో సహా.
రెండోది నాది.
సలోమి.
ఆయన గుండ్రటి చేతిరాత,
'మి' మీద గుడి కాస్త పెద్దది.
నాకు గుడి పెట్టడం నేర్పింది ఆయనే.
పక్కన, 'బాల్యమునుండి ఎరుగును.'

ఎంత ధీమా.
లేక మరిచిపోయాడా?
రెండింట్లో ఏది ఎక్కువ భయమో
తేల్చుకోలేకపోయాను.

రాహేలమ్మ గంట తాడు పట్టుకుని వాకిట్లోంచి అరిచింది,
"సంతకం గీకేస్తే పోదాం గదా మే,
ఏంది అట్ల చూస్తా ఉండావు?"
బయట వాలిన ఎండలో వ్యాను,
నడిపేవాడు లేక.
కిటికీ అద్దం మీద
ఎవరివో చిన్న వేలిముద్రలు.

పెన్ను మూత తీశాను.
'ఈయనను ఎరుగుదురా?' అన్న గడిలో
ఎరుగుదును, అని రాశాను.
గడి చాల్లేదు.
కాగితం తిప్పాను.